గోడ మీది పంది తల – పంపకాల్లో ఎవరి వాటా?

వంశధార_గట్టు (గుణుపూరు, ప్రస్తుతం విశాఖ) – శనివారం రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా గుణుపూరు ఇల్లు పంపకాలకి వచ్చింది. బీరువాలు, ఇత్తడి బిందెలు, పెరట్లో పనసచెట్టు, అన్నీ తెగాయి. తెగనిది ఒక్కటే. హాల్లో గుమ్మానికి ఎదురుగా టేకు పలక మీద అడవిపంది తల. మెడ దాకా ఉంటుంది. నోరు తెరిచి, కోరలు పైకి లేచి, చూస్తే ఇప్పటికీ చిన్నపిల్లలు జడుసుకుంటారు. ఎడమ కన్ను లేదు. చెవుల అంచులు పురుగు తినేసింది.

మా తాతగారు అడవి కాంట్రాక్టరు. వెదురు, చింతపండు, అడ్డాకులు. 1958లో ఈ పందిని కొట్టారట. అప్పటికి మాది కోరాపుట్ జిల్లా. తలకి ఉప్పు పట్టించి, రేకుడబ్బాలో పెట్టి, చిన్న రైల్లో నౌపడా దాకా, అక్కణ్ణించి పెద్ద రైల్లో మైసూరుకి పంపించారని, ఎనిమిది నెలలకి ఇలా పలకెక్కి తిరిగొచ్చిందని చెప్పుకుంటారు. వేట కథ మాకందరికీ నోటికి వచ్చు. చెరుకుతోటలోంచి ఒంటిపంది దూసుకొచ్చింది, చుట్టూ ఉన్నవాళ్ళు చెట్లెక్కేశారు, తాతగారు మాత్రం కదల్లేదు, పది అడుగుల దూరంలో ఒక్కటే తూటా, నుదుటి మధ్యన. సంక్రాంతికి ఎవరొచ్చినా ఈ కథ అయ్యాకే అరిసెలు.

ఇప్పుడు అన్నయ్య భువనేశ్వర్ ఫ్లాటుకి తీసుకుపోతానంటాడు, వదిన గుమ్మంలో అడుగుపెట్టనివ్వనంటుంది. చిన్నాన్న కొడుకు అమ్మేద్దామంటాడు. నాకు ఉంచుకోవాలనీ లేదు, పారేయడానికి చేతులూ రావడం లేదు. ఏం చేయమంటారు? అసలు ఇలాంటిది ఇంట్లో ఉండొచ్చా?

---

చోడంబలి (రాయగడ) – శనివారం రాత్రి 10:40

ఒలమ్మ, మీ ఇంటికి సిన్నప్పుడు మా నాన్నతో వొచ్చినట్టున్నాను బాబూ! తలుపు తీగానే ఎదురుగా పంది. నాను మా నాన్న పంచెలో దూరిపోయాను. మీ వదినది తప్పు నేదు. ఫ్లాటులో అది పెడితే పాలోడు కూడా రాడు.

---

గాజుకన్ను (నాగపూరు) – శనివారం రాత్రి 11:25

అందరికంటే ముందు ఒక మాట. దాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకండి.

నేను ఒక మ్యూజియంలో పాత జంతు నమూనాల మరమ్మతు పని చేస్తాను. ఆ కాలంలో తోలు కుళ్ళకుండా, పురుగు పట్టకుండా లోపలి వైపు పాషాణం కలిపిన సబ్బు పూసేవారు. పాషాణం అంటే ఆర్సెనిక్. అది అరవై ఏళ్ళయినా ఎక్కడికీ పోదు. వెంట్రుకల్లోంచి, పగుళ్ళలోంచి పొడిగా రాలుతుంది. కాబట్టి చీపురుతో దులపడం, తడిగుడ్డతో తుడవడం, పండగకి బూజు కొట్టడం వద్దు. చేతికి తొడుగులు, ముక్కుకి మాస్కు. దించేటప్పుడు కింద పాత దుప్పటి పరిచి, తర్వాత ఆ దుప్పటి పిల్లలకి అందకుండా తీసేయండి. తగలబెట్టొద్దు, ఆ పొగ ఇంకా ప్రమాదం. వంశధారలో పారేయాలని ఎవరైనా అంటే అది అంతకన్నా తప్పు.

చెవుల అంచులు పురుగు తిన్నదంటే మందు అక్కడిదాకా పట్టలేదని. మిగతా తోలు నిలిచిందంటే అక్కడ బాగా పట్టిందని. అంచేత జాగ్రత్త.

పలక వెనక కాగితం చీటీ కానీ ముద్ర కానీ ఉందా? మైసూరులో వాన్ ఇంజెన్ వాళ్ళ కార్ఖానా పెద్దది. మన దేశంలో రాజులకీ దొరలకీ పులులు, చిరుతలు ఎక్కువగా అక్కడే తయారయ్యేవి. 1999లో మూసేశారు. వాళ్ళు నంబర్లు వేసేవారు.

---

వంశధార_గట్టు – ఆదివారం ఉదయం 7:05

అయ్యబాబోయ్. మా నాయనమ్మ ప్రతి దసరాకీ దానికి కుంకుమ బొట్టు పెట్టి, పైన నిమ్మకాయ కట్టేది. నరదిష్టి మొత్తం అదే లాక్కుంటుందని ఆవిడ నమ్మకం. అయితే ఆ హాల్లో భోజనం మాత్రం చేసేది కాదు. మేం పిల్లలం దాని నోట్లో సుద్దముక్కలు పెట్టి ఆడుకున్నాం. ఎడమ కన్ను పోవడానికీ ఒక కారణం ఉంది, అది తర్వాత చెప్తాను.

చీటీ ఉంది, సగం పురుగు తినేసింది. మిగిలిన దాంట్లో "...సూర్" అన్నదీ, ఏదో అంకె చివర 7 అన్నదీ కనబడుతున్నాయి.

---

పాత_బీటు (పర్లాకిమిడి) – ఆదివారం ఉదయం 8:30

ముప్పై ఏళ్ళు అటవీ శాఖలో చేసి రిటైరయ్యాను. చట్టం సంగతి నాకు తెలిసినంత చెప్తాను.

1972 వన్యప్రాణి చట్టంలో "ట్రోఫీ" అనే మాటకి అర్థం చాలా పెద్దది. తొడిగిన తల ఒక్కటే కాదు. తోలు, కొమ్ము, కోర, గోరు, ఈక, ఆఖరికి గుడ్డు కూడా ట్రోఫీయే. ఏ జంతువుకి ఎంత రక్షణో చెప్పే జాబితాలని షెడ్యూళ్ళంటారు, అడవిపంది అప్పట్లో మూడో షెడ్యూలులో ఉండేది. ఇంట్లో పాత ట్రోఫీలున్నవాళ్ళు వాటిని ప్రకటించుకోవాలన్న నిబంధన మొదట ఒకటో షెడ్యూలుకీ, రెండో షెడ్యూలు రెండో భాగానికీ. అంటే పులితోలు, చిరుతతోలు లాంటివి. కాబట్టి మీ తాతగారు పంది తలకి కాగితం పెట్టలేదని కంగారు పడక్కర్లేదు. కానీ 2022 సవరణతో షెడ్యూళ్ళన్నీ మారాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పంది ఇప్పుడు రెండో షెడ్యూలులోకి వచ్చింది. అందుకని మీ అటవీ రేంజి ఆఫీసుకి వెళ్ళి, ఇది మా ఇంట్లో ఫలానా కాలం నుంచి ఉంది అని రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం పెట్టించుకోండి. ఫోటో జతచేయండి. నోటిమాట పనికిరాదు. చిన్న మాటని పెద్ద కేసు చేసేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

అమ్మకం మాత్రం తలవద్దు. మీ చిన్నాన్నగారి అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఇప్పుడు మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. పాత చట్టంలో ఆ జరిమానా పాతిక వేలే.

గోడ మీద ఇంకేమన్నా ఉన్నాయా? దుప్పి కొమ్ములు, చుక్కల తోళ్ళు? ఇక్కడ రాయొద్దు, కానీ ఉంటే దాచకుండా ఆ కాగితంలోనే రాయండి.

---

తులసికోట (బరంపురం) – ఆదివారం ఉదయం 9:15

నాకు అర్థం కానిది అడుగుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. చచ్చిన జీవాన్ని గోడకి కొట్టుకుని రోజూ చూసుకోవడంలో ఏముందండీ? తింటే ఆకలి అనుకోవచ్చు. పంట కోసం చంపితే అది కూడా అర్థమవుతుంది. ఈ తలకాయ ఎందుకు?

---

సిరొంచ_చేను (సిరొంచ, గడ్చిరోలి జిల్లా) – ఆదివారం మధ్యాహ్నం 1:50

అక్కా, మంచి మాట అడిగినవు. నేను వేరే దిక్కునుంచి చెప్త.

మీరందరు పంది తలకాయ మీద ముచ్చట పెడుతున్నరు. మాకు పంది అంటే తలకాయ కాదు, ముట్టె. ప్రాణహిత ఒడ్డున నాకు నాలుగెకరాల చేను. మక్క పాలు పట్టినంక మంచె మీద పడుకోకపోతే తెల్లారేసరికి చేను పడుకుంటది. ఒక మంద ఇరవై ముప్పై. తినేది పావు వంతు, తొక్కేది ముప్పావు. వరిల దిగితే పొర్లుడే పొర్లుడు. మిరపకు రావు అంటరు గని నారు మడిల ఎర్రల కోసం తవ్వుతయి. డబ్బా కొట్టినం, పటాకులు పేల్చినం, పాత చీరెలు కట్టినం. రెండు రోజులు భయపడ్తయి, మూడో రోజు ఆ చీరెలకాడనే పండుకుంటయి.

నష్టపరిహారం ఉన్నది. అర్జీ మరాఠీల రాయాలె, మేమేమో ఇంట్ల తెలుగు. రాయించుకోవాలె, పంచనామకు మనుషులు రావాలె, అప్పటిదాక తొక్కిన చేను అట్లనే ఉంచాలె. పోయినసారి వచ్చిన పైసలు నేను తిరిగిన బస్సు కిరాయికి జర ఎక్కువ. నా గోడకు తలకాయ లేదన్నా. పంచనామ కాగితాల కట్ట ఉన్నది, మొలకు ఏలాడదీసిన. గదే నా ట్రోఫీ.

---

కోరల_రాజు – ఆదివారం మధ్యాహ్నం 2:20

[ఈ సందేశాన్ని నిర్వాహకులు తొలగించారు]

---

నిర్వాహకుడు – ఆదివారం మధ్యాహ్నం 2:31

కోరలు, గోళ్ళు కొంటాం, లాకెట్లు చేయిస్తాం అనే సందేశాలు ఇక్కడ పెడితే ఖాతా తీసేస్తాం. ఉచ్చులు, నాటుబాంబులు, కరెంటు తీగలు ఎలా పెట్టాలో కూడా ఎవరూ రాయొద్దు. పైన చర్చ బాగుంది, కొనసాగించండి.

---

పాత_బీటు – ఆదివారం సాయంత్రం 5:10

కరెంటు తీగ మాట నిర్వాహకులు ఎత్తారు కాబట్టి ఒక్కటి చెప్పి తీరాలి. సిరొంచ తమ్ముడికి తెలిసే ఉంటుంది. సోలారు కంచె వేరు, స్తంభం మీంచి లాగిన తీగ వేరు. సోలారు కంచెలో యంత్రం సుమారు సెకనుకి ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది, జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది. స్తంభం తీగలో 230 వోల్టులు ఆగకుండా పారుతుంటాయి, పట్టుకున్నది వదలదు. దాని మీద పంది చస్తుంది, ఆవు చస్తుంది, చంద్రపూరు వైపు పులులూ చచ్చాయి. తెల్లవారుజామున చెంబు పట్టుకుని వెళ్ళిన మనిషీ చస్తాడు. నా సర్వీసులో నేను పందుల కంటే మనుషుల శవాల దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాను ఈ తీగల వల్ల.

పంటకి నష్టం చేసే జంతువుని కాల్చడానికి చట్టంలో 11వ సెక్షను కింద అనుమతి ఇవ్వొచ్చు. మహారాష్ట్రలో రేంజి ఆఫీసరు స్థాయిలోనే పందికి ఇస్తారు. బీహారులో 2015 చివర, ఉత్తరాఖండ్‌లో 2016లో కేంద్రమే కొంతకాలానికి పందిని "వర్మిన్"గా, అంటే చట్టం రక్షణ లేని పీడ జంతువుగా ప్రకటించింది. కానీ ఒకటి గుర్తుంచుకోండి. అనుమతితో కొట్టిన పంది కూడా కొట్టినవాడిది కాదు, 39వ సెక్షను కింద ప్రభుత్వానిది. కోర పీకడానికి లేదు, తల గోడకెక్కించడానికి లేదు.

ఇంకో మాట. అడవిలో చచ్చి పడున్న పందిని ముట్టుకోకండి, ఇంటి పందుల దగ్గరికి తేకండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో అస్సాం, అరుణాచల్‌లలో మన దేశంలోకి దిగింది. మనుషులకి అంటదు కానీ పందుల్ని ఊడ్చేస్తుంది.

---

సిరొంచ_చేను – ఆదివారం సాయంత్రం 6:02

తెలుసు సార్. మా బాబాయి కొడుకు గట్లనే పోయిండు. వేరేటోళ్ళ చేన్ల. ఇరవై రెండేండ్లు. అందుకే నేను తీగ పెట్ట. మంచె మీదనే పండుకుంట.

---

చోడంబలి – ఆదివారం సాయంత్రం 6:20

అయ్యో తమ్ముడూ.

---

ఎర్రమట్టి_ఏఈవో (కిన్వట్, నాందేడ్ జిల్లా) – ఆదివారం రాత్రి 8:45

సిరొంచ అన్నకు. నేను వ్యవసాయ విస్తరణాధికారిని (ఏఈవో). హైదరాబాద్ రాజేంద్రనగర్ల పంట నష్టం చేసే జంతువుల మీద పరిశోధన చేసేటోళ్ళు చెప్పినయి రెండు మూడు నేను రైతులతోని చేయించిన. పందికి చూపు తక్కువ, ముక్కే దాని కన్ను. మంగలి షాపులకెళ్ళి వెంట్రుకలు తెచ్చి చేను చుట్టు చల్లితే వాసన చూస్తూ నడిచే పంది ముక్కుల పోయి ఇబ్బంది పడ్తది. వానకు పోతది, మళ్ళ చల్లాలె. పల్లి చేను చుట్టు కుసుమ నాలుగు వరుసలు దగ్గర దగ్గర వేస్తే ముళ్ళకు ఆగుతది, గింజ గూడ చేతికొస్తది. ఒక్కటే పద్ధతి పట్టుకుంటే అలవాటు పడ్తది, మార్చుకుంట పోవాలె. పూర్తిగా ఆగుతయని నేను చెప్ప. తగ్గుతయి.

---

కొండదారి (గజపతి జిల్లా, గుమ్మ వైపు) – ఆదివారం రాత్రి 9:30

తులసికోట గారి ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. నేను చెప్పొచ్చా? మాది సవర గిరిజన కుటుంబం. సీతంపేటలో చదువుకున్నాను, అందుకే ఈ తెలుగు. బడిలో పాఠాలు చెప్తాను.

మా ఇళ్ళలో కూడా గోడ మీద వేట ఉంటుంది. ఇడిటాల్ అంటాం. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే బొమ్మ. అందులో లేళ్ళుంటాయి, పక్షులుంటాయి, వేటగాళ్ళు, తుపాకులు, ఇప్పుడైతే సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా. పోయిన పెద్దల కోసం వేస్తాం. వాళ్ళు వచ్చి ఆ ఇంట్లో ఉండాలని. ఎవరు ఎంత పెద్ద జంతువుని కొట్టారన్నది అందులో ఉండదు.

వంశధార గారూ, మీ తాతగారి కథలో చుట్టూ ఉన్నవాళ్ళు చెట్లెక్కేశారన్నారు. వాళ్ళెవరు? హాకా వేసినవాళ్ళే కదా, అంటే చప్పుడు చేసి జంతువుని వేటగాడి వైపు తోలేవాళ్ళు. మా తాత అలాంటి వేటలకి డప్పు కొట్టుకుంటూ వెళ్ళేవాడు. పంది ఎదురుగా వస్తే నిజంగానే చెట్టెక్కుతారు, సిగ్గుపడాల్సిందేం లేదు. కానీ అందరూ ఎక్కరు. మా ఊళ్ళో లెక్క ఏమిటంటే, మొదటి దెబ్బ ఎవరిదో తల వాళ్ళది. మిగతా మాంసం ఇంటింటికీ పాళ్ళు, కుక్కని తెచ్చినవాడికి ఒక పాలు. తల మాత్రం ఎవరూ అడగరు, దెబ్బ కొట్టినవాడి ఇంటికి పోతుంది.

ఫోటో ఏమన్నా ఉందా?

---

జయపురం_బస్సు (జయపురం, కోరాపుట్) – ఆదివారం రాత్రి 10:05

మాస్టారు చెప్పింది మా దగ్గరా ఉంది. చైత్రంలో చైత పొరబుకి, అరకు వైపు ఇటుకల పండక్కి, మగవాళ్ళందరూ వేటకి వెళ్ళేవారు. వట్టి చేతుల్తో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఏడిపిస్తారు. వేటకి ట్రోఫీ లేదుగానీ వేట దొరక్కపోతే మాత్రం బహుమానం ఉంది!

మొదటి దెబ్బ గొడవ మాత్రం కొత్తది కాదు. మూకాసురుడు పంది రూపంలో వస్తే అర్జునుడూ ఎరుకలవాడి వేషంలో ఉన్న శివుడూ ఒకేసారి బాణం వేసి, పంది నాదంటే నాదని కొట్టుకున్నారు. అక్కడ కొట్టుకున్నవాడు శివుడు కాబట్టి పాశుపతం ఇచ్చి వెళ్ళాడు. మామూలు ఎరుకలవాడైతే ఆ పంది ఎవరి వాటాకి పోయేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

దొరల్లోనూ ఈ లెక్క ఉండేది. గుర్రమెక్కి బల్లెంతో పందిని తరమడం వాళ్ళకి పెద్ద ఆట. మీరట్ దగ్గర కాదిర్ కప్పు అని పోటీ పెట్టుకునేవారు, స్కౌట్లని స్థాపించిన బేడెన్ పావెల్ 1883లో అది గెలిచాడు. గుర్రం పరిగెత్తే మైదానంలో పందిని తుపాకితో కొట్టడం వాళ్ళకి నామోషీ. మొదట రక్తం చూసిన బల్లెం ఎవరిదో కోరలు అతనివి. తర్వాత ఎవరు పొడిచి చంపినా లెక్కలేదు.

---

గాజుకన్ను – ఆదివారం రాత్రి 11:15

కొండదారి మాస్టారి ప్రశ్నకి తల కూడా కొంత జవాబు చెప్పగలదు. వంశధార గారూ, తొడుగులు వేసుకుని, మంచి వెలుతురులో మూడు చూడండి.

నుదుటి మీద తూటా అన్నారు. ఎంత బాగా కుట్టినా, మైనం నింపినా, చిల్లు ఉన్నచోట వెంట్రుకలు సుడిలా తిరుగుతాయి. అదుందా?

మెడ వెనక, జూలు మధ్యలో నిలువునా ఒక కుట్టు ఉంటుంది. అది తోలు వలిచేటప్పుడు కోసింది, తయారుచేసినవాళ్ళదే. ఇంకెక్కడ కుట్టు కనబడినా అది గాయం.

మూడోది కోరలు. బయటికి కనబడేది మూడో వంతే, రెండు వంతులు దవడలోనే ఉంటుంది. పై కోరలు పొట్టివి, అవి సానరాళ్ళు. నోరు ఆడించినప్పుడల్లా కింది కోరలకి పదును పెడతాయి. కింది కోర లోపలి అంచు గట్టిగా అరిగి ఉంటే అది ముదురు మగపంది. తెల్లదొరల కాలం నుంచీ కోర పొడవు బయటి వంపు వెంట కొలవడం అలవాటు. మీకు కొలతతో పని లేదులెండి, అరుగుదల చూడండి చాలు.

---

వంశధార_గట్టు – బుధవారం రాత్రి 9:48

సెలవు పెట్టి గుణుపూరు వెళ్ళొచ్చాను. వరసగా చెప్తాను.

అన్నయ్యా నేనూ కలిసి తల దించాం. పలక కింద గోడ మాత్రం ఇంకా పాత నీలం సున్నంతో ఉంది. బరువు ఇద్దరికీ చాలింది. నుదురు చూశాం. ఏమీ లేదు. ఫోను లైటు వేసి, అద్దం పెట్టి చూశాం. వెంట్రుకలు సాఫీగా ఉన్నాయి. అన్నయ్య మొహం మాడిపోయింది. "పైనుంచి కాదు, కంట్లోంచి పోయిందేమో" అన్నాడు. పోయిన కన్ను సంగతి నాకు తెలుసు కాబట్టి నేను మాట్లాడలేదు.

మెడ వెనక కుట్టు ఉంది, మీరు చెప్పినట్టే. రెండో కుట్టు గొంతు పక్కన, కుడివైపు, ముంగాలి జబ్బకి పైన ఉంది. నా అరచేయంత పొడవు. అడ్డంగా కాదు, కిందనుంచి పైకి. వెంట్రుకల కింద దాక్కుని ఉంది. అరవై ఏళ్ళుగా మా అందరి కళ్ళముందే ఉంది.

ఫోటో కూడా ఉంది మాస్టారూ. తాతగారు పంది మీద కాలు పెట్టి, తుపాకి పట్టుకుని నిలబడ్డ ఫోటో. వెనక మనుషులు భుజాల దాకానే కనబడతారు. చిన్నప్పటి నుంచీ అలాగే చూశాం. ఫ్రేము చెక్క పుచ్చిపోయింది కదా అని విప్పాను. లోపల ఫోటో ఇంకా పెద్దది. ఫ్రేము కట్టినవాడు అట్ట పెట్టి పైభాగం మూసేశాడు. అట్ట తీస్తే అయిదు మొహాలు. ఒకాయన మిగతావాళ్ళ కంటే జానెడు పొడుగు. చేతిలో బల్లెం. కెమెరా వంక చూడటం లేదు, పంది వంక చూస్తున్నాడు.

పర్లాకిమిడిలో మా మేనత్త ఉంది, ఎనభై ఏడేళ్ళు. ఫోటో చూపించాను. ఆవిడ కాసేపు చూసి, "నాన్న తుపాకి ఆ పూట పేలలేదురా. తూటా తడిసింది. ఈ పొడుగు సవరే పొడిచాడు. మీ నాయనమ్మకి తెలుసు" అంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "ఎవరూ అడగలేదు" అంది. పేరు అడిగాను. గుర్తులేదు. ఇంట్లో అందరూ పొడుగు సవర అనే అనేవారట. తాతగారు అతనికి పంచెల చాపు పెట్టి, అయిదు రూపాయలు ఇచ్చారట.

నాయనమ్మ ఆ హాల్లో ఎందుకు తినేది కాదో మేనత్త చెప్పలేదు, నేనూ అడగలేదు.

---

చోడంబలి – బుధవారం రాత్రి 10:02

ఏటి సెప్పాలో తెలవడం నేదు.

---

కొండదారి – బుధవారం రాత్రి 10:50

గట్టు గారూ, ఇంత దూరం వెళ్ళి చూసినందుకు సంతోషం. చాలామంది చూడరు.

నాకు ఆ కుట్టు గురించి చదవగానే వచ్చిన ఆలోచన చెప్తాను. మీకు కష్టం కలిగించడానికి కాదు. కిందనుంచి పైకి గాయం అంటే అతను మోకాలి మీద కూర్చుని, బల్లెం మడమ నేలకి ఆనించి, పంది తనంత తాను వచ్చి గుచ్చుకునేలా పట్టుకున్నాడన్నమాట. మా తాత అలాగే చెప్పేవాడు. విసిరితే పని కాదు, జబ్బ మీద తోలు పలకలా ఉంటుంది. పంది కోర తొడ దాకా వస్తుంది, అక్కడ తెగితే మనిషి నిలవడు. అంత దగ్గరికి రానివ్వాలి.

ఆ లెక్కన తల అతనిది. అది అతని ఇంటికి వెళ్ళి ఉంటే ఆ రాత్రి కాల్చి, వండి, ఊరంతా తిని ఉండేవారు. పిల్లలకి చెవులు, ముసలివాళ్ళకి నాలుక. మర్నాటికి ఏమీ మిగిలేది కాదు. మైసూరు వెళ్ళింది కాబట్టి మిగిలింది. మీరు ఇన్నాళ్ళు గోడకి పెట్టుకున్నది ఒక ఇంటివాళ్ళు తినని కూర.

---

తులసికోట – గురువారం ఉదయం 6:30

నా ప్రశ్నకి ఇది జవాబో కాదో తెలీదు మాస్టారూ. రాత్రి నిద్ర పట్టలేదు.

---

జయపురం_బస్సు – గురువారం ఉదయం 8:12

ఒక్క మాట అడ్డం. మీ తాతగారు అబద్ధం చెప్పారనే అనుకోవాలా? మొదటిసారి చెప్పినప్పుడు "మా మనిషి పొడిచాడు" అనే చెప్పి ఉండొచ్చు. పదోసారికి "మేం కొట్టాం" అయి ఉంటుంది. పలకెక్కిన తల ఎదురుగా కూర్చుని చెప్తుంటే "నేను" అవడానికి ఎంతసేపు? గోడ ఎవరిదో కథ వాళ్ళది అవుతుంది. చాళుక్యులు పందిని ముద్ర మీద వేసుకున్నారు, విజయనగరం వాళ్ళు నాణెం మీద వేసుకుంటే మనం ఇప్పటికీ వరహా అంటున్నాం. వాళ్ళలో ఎవడు పందికి ఎదురుగా కూర్చున్నాడో ఎవరికి తెలుసు?

---

వంశధార_గట్టు – గురువారం మధ్యాహ్నం 12:40

అబద్ధం అనుకోవడం లేదండీ. ఆయన మంచివాడే. అయిదు రూపాయలంటే ఆ రోజుల్లో తక్కువ కాదని అన్నయ్య నాలుగుసార్లు అన్నాడు. నిజమే కావచ్చు. అయినా నాలుగోసారి అన్నప్పుడు గొంతు తగ్గింది.

పాత బీటు గారు చెప్పినట్టు రేంజి ఆఫీసులో ఒడియాలో అర్జీ రాయించి ఇచ్చాను. ఫోటోలు జతచేశాను. నకలు మీద సంతకం, ముద్ర తీసుకున్నాను. వచ్చి చూసి చెప్తామన్నారు. అప్పటిదాకా పాలిథిన్ కప్పి, సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి అన్నయ్య దగ్గరే.

అమ్మకం మాట ఎవరూ ఎత్తడం లేదు. అన్నయ్య ఫ్లాటు మాట కూడా ఎత్తడం లేదు. ఎవరైనా మ్యూజియం వాళ్ళు తీసుకుంటామంటే, అనుమతి వస్తే, ఇచ్చేద్దామనుకున్నాం. గాజుకన్ను గారూ, చీటీలో ఏం రాయాలి? అన్నయ్య తాతగారి పేరు ఉండాలంటాడు.

---

గాజుకన్ను – గురువారం మధ్యాహ్నం 3:05

మా పద్ధతిలో జంతువు పేరు, దొరికిన చోటు, తేదీ, ఎవరి దగ్గర్నించి వచ్చింది అని నాలుగు గళ్ళు. "ఎవరు చంపారు" అనే గడి ఉండదు. కానీ వివరాలు రాసుకోవడానికి వెనక కాగితం ఉంటుంది. తాతగారి పేరు "ఎవరి దగ్గర్నించి" గడిలో రాయండి, అది నిజం. కుట్టు సంగతి వెనక రాయండి. ఫోటో నకలు, అట్ట లేకుండా, దానికి జతచేయండి.

---

కొండదారి – గురువారం సాయంత్రం 4:20

"పొడుగు సవర" అని మాత్రం రాయకండి దయచేసి. అది పేరు కాదు. పేరు తెలియదు అనే రాయండి.

ఫోటో నాకు పంపితే మా వైపు ముసలివాళ్ళకి చూపిస్తాను. హాకా కోసం ఎక్కువగా మూడు నాలుగు ఊళ్ళ నుంచే తీసుకెళ్ళేవారు. తెలుస్తుందని చెప్పను.

---

వంశధార_గట్టు – గురువారం సాయంత్రం 4:35

ఇప్పుడే పంపాను మాస్టారూ.

---

సిరొంచ_చేను – శుక్రవారం తెల్లవారు 4:50

మంచె మీదికెళ్ళి రాస్తున్న. రాత్రి మంద అచ్చింది. టార్చి ఏస్తే ముంగట పెద్దది నిలబడి చూసింది, కోరలు మెరిసినయి. గా పొడుగాయన యాదికొచ్చిండు. నేనైతే మంచె దిగలే. ఏఈవో అన్నా, వెంట్రుకలు మూడు సంచులు తెచ్చిన, పొద్దుగాల చల్లుత.

---

చోడంబలి – శుక్రవారం ఉదయం 9:10

అన్నీ బాగానే ఉన్నాయి గాని గట్టు బాబూ, ఆ ఎడమ కన్ను సంగతి తరవాత సెప్తానన్నావు. సెప్పనేదు.

---

వంశధార_గట్టు – శుక్రవారం ఉదయం 9:26

నేనే పీకాను. ఎనిమిదేళ్ళప్పుడు, స్టూలు వేసుకుని. గోధుమరంగు గాజు, మధ్యలో నల్లచుక్క. ఊళ్ళో అలాంటి గోళీ ఎవరి దగ్గరా లేదు. వారం రోజులు గెలిచాను. తర్వాత మా బావ దగ్గర ఓడిపోయాను. నిన్న ఫోను చేసి అడిగితే, ఉంది, ఇవ్వను, గెల్చుకున్నది గెల్చుకున్నదే అంటున్నాడు.